చెవులతో చూచిన మాయాబజారు

జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నములో మా యింటికి మూడిండ్ల యవతల, మధ్యాహ్న భోజనములు ముగిసి వాకిటిలో నీడ తూర్పునకు వాలు వేళకు, నలుగురైదుగురు స్త్రీలు చాటలు ఒడిలో పెట్టుకొని బీడీలు చేయుటకు కూర్చుందురు. ముందుగనే తడిపి గుడ్డలో చుట్టియుంచిన తునికాకు ఒకవంక, తంబాకు మరియొకవంక, దారపుటుండ మోకాలి ప్రక్కన. రేకుముక్కను కొలతగా పెట్టి కత్తెరతో ఆకును కోయుటయు, చిటికెడు తంబాకును అందు పఱచుటయు, బొటనవ్రేలి క్రింద అది చుట్టుకొని దారము బిగియుటయు కనురెప్పపాటులో జరిగిపోవును. లోపలి గదిలోని టీవీని వాకిటివైపునకు త్రిప్పి పెట్టుకొందురు. వేసవిలో నొకనాడు నేనచ్చటికి పోయినప్పుడు అందులో మాయాబజారు వచ్చుచుండెను. ఆ గుంపులో పెద్దది, వాడకట్టంతయు అవ్వా యని పిలుచు ముసలామె, తెరవైపు ఒక్కమారైనను తలయెత్తలేదు. ఐనను ఘటోత్కచుడు పెండ్లివంటకముల ముందు కూర్చుండుటకు రెండు క్షణములు ముందుగానే ఆమె ముఖమున నవ్వు విచ్చుకొనెను.

“సూస్తలేవు గద అవ్వా, ఎందుకు నవ్వుతున్నవు?” అని యడిగితిని.

“ఏం సూసుడు బిడ్డా, ఇంటున్న గంతే. కండ్లు ఆకు మీద లేకుంటె బీడీ సక్కగ రాదు, కార్ఖానల తీసి పడేస్తరు. గీ సినిమాకు కండ్లెందుకు? సూడకున్న కనవడ్తది.”

ఈ మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. క్రొత్త చిత్రము కన్నులను కోరును. ఎవడెవనికి ఏమగునో, తలుపు చాటున నిలిచినది ఎవరో, కథ ఏ మలుపు తిరుగనున్నదో తెలియనంతవఱకు చూపు తెరను విడువజాలదు. చూపు తెరపై నున్నంతసేపు ఆకు వంకరగా తెగును, తంబాకు కారిపోవును, వెయ్యింటికి ఇంతయని లెక్కగట్టు కూలిలో అంతమేర కోత పడును. పలుమార్లు చూచిన చిత్రమట్లు కాదు. దానిని వినుచు, నడుమ లేచి పొయ్యిమీది పాలు దించి వచ్చి, కోడలితో రెండు మాటలాడి, ఇరువదియైదేసి బీడీలను కట్టలు గట్టి, ఎక్కడ విడిచిరో అక్కడనే కథను మరల అందుకొనవచ్చును. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో బీడీలు చుట్టి సంసారములు నెట్టుకొని వచ్చు వేలకొలది స్త్రీలకు పాత చిత్రము వట్టి వినోదము కాదు. పనికి ఆటంకము కలిగింపని తోడు. చూచినదానినే చూచువారిని పట్టణపు చదువరులు కొందఱు అభిరుచి యెదుగనివారినిగా తలంతురు. వారెన్నడును చాట ఒడిలో పెట్టుకొని యుండరు.

ఆ మాటకు వచ్చిన, తెలిసిన కథనే మరల మరల కోరుట మన ప్రాంతమున సినిమాతో పుట్టిన అలవాటు కాదు. కరీంనగరము, నిజామాబాదు పల్లెలలో చిరుతల రామాయణము ఆడినప్పుడు, చేతులలో చిరుతలు మ్రోగించుచు వలయముగా తిరుగు రైతుబిడ్డలను చూచుటకు ఊరంతయు రాత్రులకు రాత్రులు మేలుకొని కూర్చుండెడిది. రాముడు అడవికి పోవునా పోడా యను సందేహముతో వచ్చినవాడు ఆ జనములో ఒక్కడును లేడు. కైక వరములు కోరునని పసిపిల్లకును తెలియును. ఐనను ఆ ఘట్టము రాగానే ఆడువారు కొంగు కన్నుల కద్దుకొందురు. పట్టాభిషేకపు రాత్రి సొంతయింట శుభకార్యమైనట్లు కట్నములు చదివింతురు. ఒగ్గుకథయు నట్టిదే. వేములవాడ ప్రాంతపు మిద్దె రాములు ఎల్లమ్మ కథ చెప్పుచుండ విన్నవారు, ఆ కథను అంతకుముందు ఎన్నిమార్లు వినియుందురో లెక్క చెప్పజాలరు. వారు కథ కొఱకు రాలేదు. చెప్పువాని గొంతు కొఱకు, డోలుదెబ్బ కొఱకు, తమకు తెలిసిన చోట తాము ఊహించిన రీతినే గుండె బరువెక్కుట కొఱకు వచ్చిరి. ఇచ్చటికి దిగువన గోదావరి యొడ్డుననే యున్న ధర్మపురిలో శేషప్పకవి నరసింహ శతకమును రచించెను. దానిని పుస్తకము ముట్టకయే అప్పగించు వృద్ధులు నా చిన్ననాట వాడకొకరుండిరి. ఒకమారు చదివి పక్కన పెట్టుట యనునది గ్రంథముల విషయముననే మనకు క్రొత్త.

కథ ముగింపును దాచిపెట్టుటయే కథకుని గొప్పతనమను భావము డిటెక్టివు నవలలతోడను, వారపత్రికల ధారావాహికలతోడను మనకు బలపడినది. అదియు నొక రుచియే, కాదనను. కాని రమణీయత యనగా క్షణక్షణమును క్రొత్తదగుచుండుట యని మాఘుడు చెప్పిన లక్షణములో, క్రొత్త వస్తువునే చూడవలెనను షరతు లేదు. వస్తువు అదియే, క్రొత్తదనము మాత్రము ప్రతిమారును పుట్టవలెను.

మాయాబజారు ఈ మాటకు చక్కని నిదర్శనము. 1957 మార్చి 27న విజయావారు దానిని విడుదల చేసిననాటికే ఆ కథ తెలుగువారికి పాతది. వ్యాసభారతమున లేని ఈ శశిరేఖా పరిణయమును సురభి నాటకసమాజమువారు రంగస్థలముపై ఊరూర ఆడియుండిరి. 1936లో ఒకమారు చలనచిత్రముగను వచ్చెను. కావున మొదటి ఆటకు టికెట్టు కొనినవారు సైతము ఒకవిధముగ రెండవమారు చూచువారే. దర్శకుడు కె.వి. రెడ్డి ఈ సంగతి నెఱిగినవాడు. కథ తెలిసినవానికి ఏమి చూపవలెనో ఆలోచించి, ప్రతి దృశ్యమునకును నిడివిని ముందుగానే గడియారముతో కొలిచి స్థిరపఱచుకొని, అనవసరమైన అడుగు ఫిల్ము తిరుగనీయని పొదుపరి యాయన. పింగళి నాగేంద్రరావు అసమదీయులు, తసమదీయులు వంటి మాటలను పుట్టించి నాలుకకు ఆటవస్తువుల నిచ్చెను. పాండవుల పక్షమున నడచు కథలో పాండవులు తెరపైకి రానేరారు. ఈ లోటును మొదటిసారి చూచినవారిలో గమనించువారు అరుదు, గమనించిన పిదప ఆశ్చర్యపడనివారు లేరు.

ఈ చిత్రమున ఒక ఘట్టమును నేనెన్నిమార్లు చూచినను తనివి తీరదు. ఘటోత్కచుడు శశిరేఖ రూపు దాల్చిన పిదప సావిత్రి నటించునది శశిరేఖను కాదు, ఆడువేషములోని ఎస్వీ రంగారావును. మొదటిమారు చూచినప్పుడు కథపైననే మనసుండుటచే మనమామె మాటలను, లక్ష్మణకుమారుడుగా రేలంగి పడు పాట్లను చూచి నవ్వుదుము. రెండవమారు ఆమె భుజములను చూతుము; ఉన్నట్టుండి అవి విశాలమై, మరుక్షణమున ఎవరో వచ్చు అలికిడి కాగానే సిగ్గుతో ముడుచుకొనును. మూడవమారు నడకను చూతుము. గదను మోసి అలవడిన అడుగు, చీర కుచ్చిళ్ళలో ఇమడలేక ఇమిడినట్లు పడును. ఆపై నెప్పుడో ఆ నవ్వును పట్టుకొందుము; పెదవి కన్నెపిల్లది, వెనుకనున్న గర్జన రాక్షసునిది. అంత చిన్న వయసున ఆ నటి ఇంతపని చేసినదని తలచుకొనుట, ఆపైసారికి మిగులు సంతోషము.

2010 జనవరి 30న ఈ చిత్రమునకు రంగులద్ది మరల విడుదల చేసిరి. చూడముచ్చటగనే యున్నది, యువకులను కొందఱిని థియేటరునకు రప్పించిన పుణ్యమును దానికి దక్కినది. ఐనను మార్కస్ బార్ట్లే నలుపు తెలుపులలో కురిపించిన వెన్నెలకు రంగు పూయుట, పాలలో పసుపు కలిపి పాలకు మెఱుగు పెట్టితిమనుట వంటిదని నా కనిపించును. పసుపు పండించు ఊరివాడను గనుక ఈ మాట యనుటకు నాకు కొంత హక్కు కలదు.

మాయాబజారులోనే ప్రియదర్శిని యను పేటిక యొకటి వచ్చును. మూత తెఱచి చూచినవారికి వారివారికి ప్రియమైనది అందు కనబడును. శశిరేఖ చూచిన అభిమన్యుడు, శ్రీకృష్ణుడు చూచిన శకుని కనబడుదురు. శ్రీకృష్ణునకు శకుని ప్రియుడెట్లాయెనని చిన్నతనమున మేము తెల్లబోయితిమి. జగన్నాటకసూత్రధారికి తన నాటకమును నడపువానికంటె ప్రియుడెవడుండునని పెద్దయిన పిదప తోచినది. చిత్రము మారలేదు, పేటికలోనికి తొంగిచూచు ముఖము మారినది. మరల మరల చూచు చిత్రములన్నియు కొంతవఱకు ప్రియదర్శినులే.

ఆనాటి ప్రజలు చిత్రమును మరల చూడవలెనన్న పడిన ప్రయాస నేడు చెప్పిన కథవలె నుండును. డేరాలలో ఆడు టూరింగు టాకీసులు ఊరికి వచ్చినప్పుడే చూడవలెను. పొద్దుగూకగానే గుడారముపైని లౌడుస్పీకరులో ఘంటసాల పాడిన వేంకటేశ్వరుని పాట వినవచ్చుచుండెను. ఆట మొదలుకానున్నదను గుర్తది. అన్నము ముందు కూర్చున్నవారు చేయి కడుగుకొని పరుగెత్తెడివారు. నేలటికెట్టు కొనినవారు ఇసుకను కుప్పగా పోసికొని దానిపై కూర్చుండి ముందువరుసవాని కంటె ఎత్తు కావలెనని చూచుటయు, రీలు మార్చునంతసేపు పల్లీలు అమ్మువాడు నడుమ తిరుగుటయు, తెర చినిగినచోట కృష్ణుని కిరీటమున చంద్రుడు కనబడుటయు వినోదములో భాగములే. 1963 మార్చి 29న లవకుశ వచ్చినప్పుడు తెలుగునాట జనము ఎడ్లబండ్లు కట్టుకొని, సద్దిమూటలు పెట్టుకొని పట్టణములకు తరలిపోయిరి. ఐదేండ్లు తీయబడి, తెలుగున పూర్తిగా రంగులలో వచ్చిన మొదటి చిత్రమది. అంజలీదేవి సీతగా అడవిలో విలపించుచుండ, ఆ విలాపము ఎన్నవ నిముసమున వచ్చునో తెలిసినవారే మరల బండి యెక్కివచ్చి యేడ్చిరి.

గుండమ్మ కథను గూర్చి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. 1962 నుండి నేటివఱకు ఏ పండుగనాడు ఏ చానెలు త్రిప్పినను సూర్యకాంతము గొంతు వినబడుచునే యున్నది. ఒక నటి నటనకు జడిసి తల్లిదండ్రులు తమ బిడ్డలకు ఆ పేరు పెట్టుట మానుకొనిరని చెప్పుకొనుటకంటె గొప్ప బిరుదు మఱొకటి యుండునా!

మా ప్రాంతమునకు ఈ పునర్దర్శనపు అలవాటు నూరిపోసినది గల్ఫ్. 1970 తరువాత ఇబ్రహీంపట్నము, మెట్‌పల్లి, కోరుట్ల పల్లెల నుండి మగవారు దుబాయికి, మస్కటునకు, సౌదీకి పోనారంభించిరి. ఎఱ్ఱని ఎండలో ఇటుకలు మోసి రెండేండ్ల కొకమారు వచ్చునప్పుడు వారు తెచ్చిన వస్తువులలో ముఖ్యమైనది టేపురికార్డరు. ఉత్తరము వ్రాయరానివారు క్యాసెట్టులో మాటలు నింపి పంపెడివారు. భార్య దానిని ఒక్కమారు విని ఊరకుండునా? మొదట అత్తమామలతో కలిసి వినును. తరువాత పిల్లలను నిద్రపుచ్చి ఒంటరిగా వినును. పైకము సంగతి, ఎద్దుల సంగతి, మక్క పంట సంగతి అన్నియు కంఠస్థమైన తరువాతను, ఆయన దగ్గు వచ్చి ఆగిన చోటు కొఱకై మరల వినును. తెలిసినదానిని వినుటలోని రుచి ఎట్టిదో ఆ యింటి ఆడువారి కెవరును నేర్పవలసిన పని లేకుండెను.

వీడియోప్లేయరులు వచ్చిన పిదప ఒక రాత్రికి టీవీని, వీసీఆరును కిరాయికి తెచ్చి వాకిట పెట్టి మూడు చిత్రములు వేయుట పెండ్లిండ్లలోను పండుగలలోను మర్యాద యాయెను. మూడింటిలో ఒకటి తప్పక పాతది; అది చివఱివంతుగా తెల్లవారుజామున పడెడిది; సగము నిద్రలో చూచినను నష్టము లేదుగదా! 1995లో ఈటీవీ మొదలైన నాటినుండి ప్రైవేటు చానెళ్ళు ఒకదాని వెంట ఒకటి వచ్చి, వీధిలోని వీసీఆరును ప్రతియింటి గోడపైకి తెచ్చినవి. అటుపై ఒక విచిత్రము జరిగినది. థియేటరులో జనము తిరస్కరించిన చిత్రము, టీవీలో తిరిగి తిరిగి, ఇంటిదైపోయినది. 2010లో త్రివిక్రమ్ తీసిన ఖలేజా ఆడలేదు. పదునైదేండ్ల తరువాత, 2025 మే నెలలో, దానినే మరల థియేటరులో వేయగా, జనము పండుగ చేసికొనిరి. అంతకుముందు 2005లో వచ్చిన అతడు ఐతే టీవీలో ఎన్నిమార్లు వచ్చినదో లెక్కపెట్టుట ఒక పరిహాసమే యైపోయినది. ఆ చిత్రము వచ్చుచుండగా చానెలు మార్చు మగవానిని నేనింకను చూడలేదు.

ఇది మన విచిత్రమొక్కటే కాదు. అమెరికాలో ఫ్రాంక్ కాప్రా 1946లో తీసిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ నాడు నష్టము తెచ్చినది. 1974లో దాని హక్కు పునరుద్ధరింపక జారిపోగా, టీవీ సంస్థలు క్రిస్మసు దినములలో చవుకగా వేసి వేసి దానిని ఆ దేశపు పండుగ ఆచారముగా మార్చివేసినవి. బొంబాయి మరాఠా మందిర్ థియేటరులో 1995 అక్టోబరున పడిన దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే బొమ్మ పదులయేండ్లు నిలిచినది. పండితులును ఈ విషయమున ఊరకుండలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌డియేగో శాఖలో లీవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనువారు చిన్నకథల ముగింపును ముందుగానే చెప్పి చదివింపగా, చదివినవారికి ఆ కథలు మఱింత నచ్చినవని 2011లో ప్రకటించిరి. మరుసటి యేట రసెల్, లెవీ యనువారు, చూచినదానిని చూచువారితోను చదివినదానిని చదువువారితోను మాటలాడి, వారట్లు చేయునది అలవాటుచేత మాత్రమే కాదనియు, తమలో వచ్చిన మార్పును కొలిచికొనుటకు మారని వస్తువు నొకదానిని ఎదుట పెట్టుకొందురనియు వ్రాసిరి. వాకిటి ద్వారబంధముపై పిల్లవాని ఎత్తును ఏటేట గీతగీసి కొలుచుటవంటిదే యిదియు. ద్వారబంధము పెరిగిన కొలత చెల్లదు.

2022 ఆగష్టులో మహేష్‌బాబు జన్మదినమునకు పోకిరిని మరల విడుదల చేసినది మొదలు, పాత చిత్రములను థియేటరులలో వేయుట ఒక వెల్లువయైనది. అట్టి ఆట కొకదానికి మేనల్లుని వెంట కరీంనగరము పోయితిని. తెరపై నాయకుడు మాటలాడకముందే థియేటరంతయు ఆ మాట పలికినది. కాగితపుముక్కలు వానవలె కురిసినవి. పాట వచ్చినంతనే సగము మంది తెరముందునకు ఉఱికి గంతులు వేసిరి. రెండున్నర గంటలలో నాకొక్క సంభాషణయు సరిగా వినబడలేదు. మొదట విసుగు కలిగెను. తరువాత, చిరుతలు పట్టి వలయముగా తిరుగు మా తాతలు జ్ఞాపకమునకు వచ్చి, ఆ విసుగు కొంత తగ్గెను. అంతయు తగ్గెనని చెప్పను. చెవులు రెండు దినములు హోరెత్తినవి.

ఇంతవఱకు చెప్పిన చిత్రములలో ఒక్కటియు మా మాట మాటలాడలేదు. ఈ సంగతిని మావారు చాలకాలము పైకి అనలేదు, అనవలెనని తోచనులేదు. కృష్ణాతీరపు తెలుగును తెరపై విని విని, అదియే తెలుగని నమ్మి, మా నోటి తెలుగు వచ్చినప్పుడు అది రౌడీ నోటనో హాస్యగాని నోటనో వచ్చుచుండ, దానికిని నవ్వితిమి. 1980 మార్చి 23న వచ్చిన మా భూమి ఈ కట్టను మొదట తెంచినది. గౌతమ్ ఘోష్ దర్శకత్వమున బి. నర్సింగరావు ప్రభృతులు తీసిన ఆ చిత్రమును, అందు గద్దరు పాడిన పాట కొఱకే పదిమార్లు చూచినవారిని నేనెఱుగుదును. కాని అది పోరాటపు కథ. చావు, పెండ్లి, అలుక, అప్పు, బొక్కకూర వంటి ఇంటిసంగతులు మా మాటలో తెరకెక్కుటకు మఱి నలువదిమూడేండ్లు పట్టెను.

2023 మార్చి 3న విడుదలైన బలగము సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి తీసినది. సిరిసిల్ల జిల్లా పల్లెలోనే చిత్రీకరించినది. కొమురయ్య యను వృద్ధుడు చనిపోవును, మూడవనాడును, ఐదవనాడును పెట్టిన పిండమును పిట్ట ముట్టదు, నల్లిబొక్క దగ్గఱ మొదలైన పంతముతో ఇరువదియేండ్లుగా ఎడబాసిన ఆడబిడ్డ కుటుంబము, పైకి కలిసియుండియు లోన విడిపోయిన కొడుకులు, అప్పుల పాలై తాత చావును కూడ తన నిశ్చితార్థమునకు అడ్డముగా తలచిన మనుమడు, ఇంతే కథ. పెద్ద పోరాటము లేదు, ప్రతినాయకుడు లేడు. ఐనను ఆ వేసవిలో తెలంగాణ పల్లెలలో పంచాయతి ముందఱ తెల్లగుడ్డ కట్టి, ట్రాక్టరు ట్రాలీలలో కుర్చీలు దెచ్చి, ఊరంతయు ఒక్కచోట కూర్చుండి ఈ చిత్రమును చూచినది. టూరింగు టాకీసులు పోయిన ఇన్ని యేండ్లకు మరల ఆరుబయట తెర వెలసినది. ఫోనులో చూచి వచ్చినవారే అచ్చట ముందువరుసలో కూర్చుండిరి; ఒంటరిగా ఏడ్చినది చాలక పదిమందిలో ఏడ్చుటకు వచ్చిరి. చిత్రము చూచిన పిదప మాటలు లేని అన్నదమ్ములు కలిసికొనిరని పత్రికలలో వార్తలు వచ్చెను. ఎంతకాలము కలిసియుండిరో ఆ పత్రికలు మరల పోయి చూచినట్లు లేదు. అది వేరు సంగతి.

నవ్వించు చిత్రమును మరల చూచుట సులభముగ తెలియును. ఏడ్పించుదానిని మరల చూచుట యేల? రసమన్నది ఒక్కటే, అది కరుణమే యని పలికిన భవభూతి పేరు చెప్పి తప్పించుకొనవచ్చును. కాని నాకు దొరికిన సమాధానము భవభూతిది కాదు.

ఆ వాకిట బీడీలు చేయువారిలో ఎర్దండి వైపునుండి కోడలై వచ్చిన ఒకామె కలదు. ఆమె బలగమును మొదటినుండి చూడదు. మనుమని ఫోను తీసికొని, చివఱ పదునొకండవనాడు శారదకథకులవలె కూర్చుండి మొగిలయ్య, కొమురమ్మ దంపతులు చనిపోయినవాని తరపున ఇంటివారిని ఒక్కొక్కరిని పిలిచి పాడు ఘట్టమును మాత్రమే పెట్టుకొనును. అప్పుడు చాట ప్రక్కకు దించి, చేతికంటిన తంబాకును కొంగున తుడిచికొని, ఫోనును గోడకు ఆనించి, మోకాళ్ళపై గడ్డమానించి చూచును. పాట సగమునకు వచ్చునప్పటికి ఆమె గొంతు వేఱుగా లేచును. తెరపైని పాటకును ఆమె శోకమునకును పొంతన యుండదు. ఆమె పిలుచు పేరు కొమురయ్యది కాదు.

“ఎన్నిసార్లు సూస్తవు అక్కా, మళ్ళ మళ్ళ ఏడ్సుడెందుకు?” అని నేనొకమారు అడుగరాని ప్రశ్న అడిగితిని.

“మా ఆయన దుబాయికెంచి పెట్టెల అచ్చిండు అన్నా. నెలదాటినంక అచ్చిండు. మొఖం సుత సరిగ సూడనియ్యలె, గా పొద్దే తీస్కపోయిండ్రు. గప్పుడు శోకం వెడ్దామంటె నోరు రాలె. కండ్లల్ల నీళ్ళు సుత రాలె. ఊరోళ్ళు ఏమనుకున్నరో ఏమో. గిది పెట్టుకుంటె అస్తది.”

నేనింకేమియు అడుగలేదు. మా ప్రాంతమున చావునకు ఒక వరుస కలదు. శవము ముందఱ ఆడువారు గుండ్రముగా కూర్చుండి మెడలు పట్టుకొని, పోయినవాని బ్రతుకును చరణములుగా గట్టి యేడ్తురు. పుట్టింటివారు వచ్చినప్పుడొక శోకము, పాడె లేచునప్పు డొక శోకము. ఇది దుఃఖమునకు పెద్దలు కట్టిన కాలువ. పెట్టెలో వచ్చిన చావునకు ఈ వరుస యేదియు దక్కదు. విమానాశ్రయము నుండి వచ్చిన బండి వాకిట ఆగుటయు, మేకులు తీయవలదని కొందఱు తీయవలెనని కొందఱు వాదించుటయు, చీకటిపడక మునుపే అంతయు ముగించుటయు జరిగిపోవును. ఆ దినమున కట్టుబడిపోయిన నీరు, ఎవరో తీసిన చిత్రములో ఎవరో చనిపోయినప్పుడు, తన తల్లి మాటలాడు యాసలో తన పేటలోని పిలుపులు వినవచ్చినప్పుడు, కదలినది. ఒకమారుతో తీరునది ఐన యెడల ఆమెయు ఒకమారే చూచియుండును.

మొన్నటి మధ్యాహ్నము నేనచ్చటనే యుంటిని. పాట ముగిసినది. తక్కిన స్త్రీలు ఆమె ఏడ్చినంతసేపును మాటలాడక, చేతులాపక, తలలు వంచి ఆకు కోయుచునే యుండిరి. అట్లుండుటయే వారి మర్యాద. ఆమె చెంబెడు నీళ్ళతో ముఖము కడుగుకొని వచ్చి చాటను మరల ఒడిలోనికి లాగుకొనెను. దారపు కొన దొరకక రెండుమూడు మార్లు తడుముకొనెను. ఆ ప్రక్కనున్న అవ్వ తన చాటనుండి కన్నెత్తకుండగనే మనుమని పిలిచినది.

“ఇగ నవ్వేది పెట్టు బిడ్డా. మాయాబజార్ పెట్టు.”

పిల్లవాడు ఫోనులో చిత్రమును తీసి, మొదటినుండి పెట్టవలెనా, నిన్న ఆగినచోటి నుండి పెట్టవలెనా యని అడిగెను.

“ఏడికెంచైన పెట్టు” అని అవ్వ అన్నది.